మా ఇంటి ఆముదపు సీసా

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని మన తెలుగువారి సామెత. ఈ సామెతను పలికెడివారెల్లరును ఆముదపు చెట్టును చిన్నచూపు చూచుచునే పలుకుదురు. మేము పుట్టి పెరిగిన ఊరిలో మాత్రము ఆ మాట అక్షరాల నిజము. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో, నేడు నాగర్‌కర్నూలు జిల్లాగా ఏర్పడిన భాగములో, కల్వకుర్తికి కొంత దూరమున ఉన్న ఎర్ర చల్క నేలలు మావి. వాన ఉన్న ఏడు జొన్న, వాన లేని ఏడు కూడ ఆముదము. మా తిండియు, మా బట్టయు, చివరకు మా చదువును ఆ చెట్టు నీడనే సాగినవి.

ఈ సంచిక సంపాదకవర్గము వారు పూర్వ విద్యార్థులమైన మా అన్నదమ్ములనిద్దరను ఏదైన ఒక వ్యాసము వ్రాసి పంపుడని కోరినప్పుడు, మేము ఏ గొప్ప విషయము వ్రాయుదుమా యని చాల దినములు ఆలోచించితిమి. తుదకు, 1979 జూలైలో ఒకే రేకు పెట్టెతో ఈ కళాశాల వసతి గృహములో అడుగిడిన దినము జ్ఞప్తికి వచ్చినది. ఆ పెట్టె అడుగున రెండు జతల బట్టల నడుమ ఒక సీసా దాగియుండెను. దానిని గురించియే వ్రాయ నిశ్చయించితిమి. తలకు రాచుకొని స్నానము చేయుటకు తప్ప ఎందుకును పనికిరాదని పట్టణవాసులు తలచెడి ఒక నూనెను గూర్చి ఇంత వ్రాయవలెనా యని పాఠకులు నవ్విన నవ్వవచ్చును. అప్పుడు మమ్ములను చూచి నవ్వినవారు చాలమంది కలరు.

మా దాదీమా దానిని ‘అరండీ కా తేల్’ అనెడిది. పొరుగింటి అవ్వ ‘ఆముదం’ అనెడిది. సంస్కృతములో ‘ఏరండము’ అందురని తెలుగు పండితులు తరగతిలో చెప్పినప్పుడు, దాదీమా మాటయు ఆ మాట నుండి వచ్చినదే గదా యని మేము ఒకరి ముఖమొకరు చూచుకొంటిమి. గోడకు ఇవతల శుక్రవారము, అవతల శనివారము. అంతే భేదము. శుక్రవారము ఉదయమున దాదీమా మా నలుగురు పిల్లలను వరుసగా పీటలపై కూర్చుండబెట్టి, గోరువెచ్చని ఆముదము నడినెత్తిన పోసి, కన్నులు మండునంతవరకు మర్దించి, కుంకుడుకాయ పులుసుతో తల రుద్ది, జుమా నమాజుకు పంపెడిది. మరునాడు గోడ అవతల అదే ఏడుపు, అదే కుంకుడుకాయ నురుగు.

సంక్రాంతి సమీపించుసరికి ఇంట వంటాముదము తీయు పని మొదలయ్యెడిది. గింజలను మంగలములో దోరగా వేయించి, రోటిలో దంచి, ఆ ముద్దను పెద్ద కుండలో నీరు పోసి కాచెడివారు. కాగిన కొలది నూనె పైకి తేలును. దానిని గరిటెతో మెల్లగా తీసి, వేరొక పాత్రలో మరల కాచి, తడి యంతయు ఇగిరిన పిమ్మట సీసాలకెత్తెడివారు. ఆ దినమున వీధి వీధియంతయు అదే వాసన. గింజ బరువులో ఇంచుమించు సగము నూనె యుండునని తరువాత శాస్త్ర పాఠములలో చదివితిమి గాని, ఇంటి పద్ధతిలో అంత చేతికి రాదు. వచ్చినది మాత్రము ఏడాది పొడుగునా ఇల్లు నడిపెడిది.

ఎట్లు నడిపెడిదో చెప్పెదము. స్నానమునకు వాడినది ఆ నూనెలో పావు వంతు కూడ ఉండదు. కందులు ఇంటికి రాగానే వానికి ఆముదము పట్టించి, ఎండనిచ్చి, గాబులో పోసెడివారు. కిలోకు ఒక చిన్న చెంచాడు చాలును. పప్పుధాన్యములపై పురుగు పెట్టిన గ్రుడ్లు ఆ పలుచని నూనె పొర వలన ఊపిరాడక పొదగకుండ చచ్చునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దాదీమాకు ఆ కారణము తెలియదు. “నూనె చూస్తే పురుగుకు సిగ్గు” అని మాత్రమనెడిది. మా అమ్మ ఎండుమిరపకాయలు తొడిమలు తీయబోవు ముందు అరచేతులకు ఆముదము రాచుకొనెడిది. మిరప ఘాటు నీటిలో కరుగదు, నూనెలో కరుగును. అందువలననే ఒట్టి నీటితో ఎంత కడిగినను చేతుల మంట తగ్గదు, నూనె రాచి తుడిచిన తగ్గును.

వానకాలము ముగియగానే కొడవళ్లు, గొడ్డళ్లు, నాగటి కర్రులు ఆముదము పూసి చూరులో చెక్కెడివారు. మరుసటి వానకాలమునకు వానిపై తుప్పు చుక్క కానరాదు. మోట తోలు ఎండి పగులకుండుటకు దానికి పట్టించెడివారు. మా అబ్బా పాత తోలు చెప్పులు ఏడెనిమిది ఏండ్లు మన్నినవన్న అది ఆ నూనె చలవయే. బావి గిలక కీచుమనిన ఆముదము. తలుపు బందు అరచిన ఆముదము. మా ఊరి గుండ తారు రోడ్డు వేసిన వేసవిలో పిల్లలమందరము అరికాళ్లనిండ తారు పూసికొని వచ్చితిమి. అమ్మ సబ్బుతో రుద్ది రుద్ది విసిగిపోగా, దాదీమా గుడ్డకు ఆముదము తడిపి మెల్లమెల్లగా తుడిచి వదలగొట్టెను. తరువాత తారు పూసికొని వచ్చినందుకు వీపు కూడ తుడిచినది, అయితే అది నూనెతో కాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది బండి కందెన. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి ఇరుసుకు పట్టించెడివారు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత గదా! మా అబ్బాకు ఆ సంగీతమన్న గిట్టదు. రాత్రి ప్రయాణమైనను, పగటి ప్రయాణమైనను కందెన గొట్టము చూడనిదే ఎడ్లను కట్టెడివాడు కాడు. ఆ పట్టుదల వలన మా కుటుంబమునకు కలిగిన మేలు ఇక్కడ చెప్పక తప్పదు.

1971లో మా చిన్న తమ్మునికి ఐదేండ్లు. కళ్లమున ఎండబోసిన ఆముదపు గింజలు చూచుటకు ముచ్చటగా ఉండును. గోధుమ వన్నెపై తెల్లని, నల్లని చారలు, పైన నిగనిగ మెరపు. వాడు వానిని పిట్ట గ్రుడ్లనుకొని ఆడుకొనుచు నాలుగైదు నమలి మ్రింగినాడు. మధ్యాహ్నము వరకు ఏమియు తెలియలేదు. సాయంకాలమునకు వాంతులు, విరేచనములు, కడుపు పట్టుకొని మెలికలు తిరుగుట. పొరుగింటి అవ్వ గోడ మీదుగా తొంగి చూచి, “ఏంది బూబమ్మా, పిల్లగాడు ఆముదాలు గిట్ల నమిలిండా ఏంది?” అని యడిగినది. అప్పుడే మాకందరకు గుండె జారినది. మేము పెద్దపిల్లలము. వానిని కనిపెట్టుమని చెప్పి అమ్మ చేనికి పోయినది. మేమేమో బిళ్లంగోడు ఆటలో మునిగితిమి.

అబ్బా బండి కట్టెను. తాలూకా ఆసుపత్రి చేరుసరికి అర్ధరాత్రి దాటినది. దారి పొడుగున ఎడ్ల మెడలోని గంటలు తప్ప మరొక చప్పుడు లేదు. తమ్ముని మూలుగు ఆగినప్పుడెల్ల అమ్మ వాని ముక్కు వద్ద చేయి పెట్టి చూచెడిది. ఆసుపత్రిలో మూడు దినములు సెలైను ఎక్కించిరి. ఆ విషమునకు విరుగుడు మందు లేదు, ఒంటిలోని నీరు పోకుండ కాపాడుటయే వైద్యము. నాలుగవ దినమున వాడు కన్నులు తెరచి జొన్నరొట్టె అడిగినాడు. మా అబ్బా ఏడ్చుట మేము చూచినది ఆ దినముననే.

అక్కడి డాక్టరుగారు మాకు ఒక విషయము విడమరచి చెప్పిరి. గింజలో రిసిన్ అను భయంకరమైన విషము కలదు. అది నూనెలో కరుగదు, పిండిలోనే మిగిలిపోవును. పైగా కాచినప్పుడు ఆ వేడికి నశించును. కావున నూనెలో విషముండదు, పచ్చి గింజలోను, గానుగ ఆడగా మిగిలిన చెక్కలోను ఉండును. మా ఊరివారు ఆ చెక్కను పశువులకు పెట్టక పొలమునకు ఎరువుగా చల్లుట ఊరక వచ్చిన ఆచారము కాదని అప్పుడు తెలిసినది. ఆనాటి నుండి ఇంట గింజలెండబోసిన చోట మాలో ఒకరము కఱ్ఱ పట్టుకొని కావలి కూర్చుండెడివారము. ఎవరును చెప్పవలసిన పని లేకపోయినది.

ఇక వసతి గృహమునకు వత్తము. ఆ యేటి ఆముదాలు రెండు బస్తాలు అమ్మగా వచ్చిన పైకముతో మా ఇద్దరి రుసుములు కట్టి అబ్బా వెళ్లిపోయినాడు. మొదటి శుక్రవారము అలవాటు చొప్పున తలకు ఆముదము రాచుకొని గదిలో కూర్చుంటిమి. ఇక చూడుడు! గదిలోని వారు ముక్కులు మూసికొనిరి, వరండాలోని వారు కిటికీలో నుండి తొంగి చూచిరి. సాయంకాలమునకు ‘ఆముదం బ్రదర్స్’ అను పేరు భోజనశాల వరకు ప్రాకినది. ఉర్దూ మాధ్యమము వారికిని, తెలుగు మాధ్యమము వారికిని అంతకు ముందు అంతగా మాటలు లేవు. మమ్ములను ఎగతాళి చేయుటలో మాత్రము ఇరువురును ఏకమైనారు.

పదునేడు, పదునెనిమిదేండ్ల ప్రాయము. ఆ వయసున ఆకలికి ఓర్చుకొనవచ్చును గాని నవ్వులకు ఓర్చుకొనలేము. ఒక రాత్రి మేమిద్దరము ఏమియు మాటాడుకొనకయే సీసా తీసికొనిపోయి స్నానపు గదుల వెనుక కాలువలో వంచితిమి. ఆముదము నీటివలె గబగబ పడదు. చాలసేపు తీగ సాగుచు కారుచునే యుండెను. సగమైనంతలో ఎవరో వచ్చు చప్పుడైనందున మిగిలిన సగముతో గదికి పరుగిడి వచ్చితిమి. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు దాదీమా మా తలలు తడిమి, “నూనె వాడుచున్నారా బేటా?” అని యడిగినది. వాడుచున్నామని చెప్పితిమి. ఆమె చూపు అప్పటికే సన్నగిల్లినది గాని వేళ్లకు చూపు తగ్గలేదు. ఎండిన మా తలలను మరొక మారు తడిమి ఊరకున్నది. ఆమె మమ్ములను గద్దించిన బాగుండునని మాకు తోచినది.

ఆ మిగిలిన సగము సీసా మా కథను మార్చినది. వార్షిక పరీక్షల ముందు రాత్రి ప్రక్క గదివాని పెట్టె తాళము తుప్పుపట్టి తెరచుకొనలేదు. హాల్ టికెట్టు లోపల నున్నది. రాతితో పగులగొట్టబోవుచుండగా మేము సిగ్గు విడిచి సీసా తీసితిమి. ఈకతో నాలుగు చుక్కలు తాళములో వేసి, కొంతసేపు ఓపిక పట్టి చెవి త్రిప్పగా తెరచుకొన్నది. ఆ మరునాటి నుండి మా గది ఒక చిన్న కర్మాగారమైనది. సైకిలు గొలుసులకు, మూలుగుచున్న తలుపులకు, బిగిసిన బూట్లకు, వ్రేలిలో ఇరుక్కొన్న ఉంగరమునకు, అన్నిటికిని ‘ఆముదం బ్రదర్సే’ దిక్కు.

అన్నియు జయములే అనిన అబద్ధమగును. మా మాట విని క్రికెట్టు జట్టువారు కొత్త బ్యాటుకు ఆముదము పట్టించిరి. రెండు దినములైనను అది ఆరలేదు. మైదానములోని దుమ్మంతయు దానికే అంటుకొని, బ్యాటు రొట్టె మీద పిండి చల్లినట్లయినది. భౌతికశాస్త్ర ఉపన్యాసకులు అది చూచి నవ్వి, “నూనెలన్నియు ఒకటి కావు నాయనలారా, అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడును, అందుకే దానిని బ్యాట్లకు వాడుదురు. ఆముదము ఆరదు, అందుకే దానిని ఇరుసులకు వాడుదురు” అని వివరించిరి. ఒకే గుణము ఒక చోట దోషమై, మరొక చోట మేలగుట మాకు అప్పుడు బోధపడినది.

ఆ ఉపన్యాసకులు చెప్పిన మరికొన్ని విషయములు మా తలలను కొంచెము పైకెత్తినవి. ఆముదములో తొంబది పాళ్ల వరకు రిసినోలిక్ ఆమ్లము ఉండుటచేత అది మిగిలిన నూనెల కంటె చిక్కగా ఉండి, పెట్రోలులో సులభముగా కలియదు. అందువలన 1914-18 నాటి మహాయుద్ధములో విమానముల చక్రపు ఇంజనులకు దానినే కందెనగా పోసిరి. మా అబ్బా బండి ఇరుసుకు పోసినదియు అదే గదా! ఇంగ్లండులో 1909లో వెలువడిన ‘కాస్ట్రాల్’ అను ఇంజను నూనెకు ఆ పేరు వచ్చినది అందులో కలిపిన ఆముదము వలననే. గంధకామ్లముతో చర్య జరిపిన ఆముదము నీటిలో కలియును. ‘టర్కీ రెడ్ ఆయిల్’ అను పేర దానిని నూలుకు ఎర్ర రంగు అద్దుటకు వాడిరి. నేడు నీటితో కలిసిపోవు స్నానపు నూనెలలో కూడ అది కలదు. 1940ల నాటికి ఫ్రాన్సులో ఆముదము నుండి ఒక జాతి నైలానును తీసిరి. దానితో నేడు వాహనముల గొట్టములు తయారగుచున్నవి.

ఆ వేసవి సెలవులలో దాదీమాతో నిజము చెప్పితిమి. సగము కాలువలో పోసితిమని, సిగ్గుపడితిమని, అబద్ధమాడితిమని చెప్పితిమి. ఆమె చాలసేపు ఏమియు అనలేదు. పిమ్మట, “నాకు తెలుసును. ఈసారి రెండు సీసాలు తీసికొనిపొండు, ఊరందరికి తాళాలు తీయవలెను గదా” అని మాత్రమన్నది.

ఒక వాడుకను గూర్చి చెప్పి ముగించెదము. 1980లో మా చెల్లెలి పెండ్లికి గాజులు తొడిగినప్పుడు, ఆమె చేతులు పెద్దవగుటచేత గాజులు ఎక్కలేదు. దాదీమా చేతికి ఆముదము రాచి, వ్రేళ్లు దగ్గరకు నొక్కి, ఒక్క గాజు చిట్లకుండ రెండు చేతులకు నిండుగా ఎక్కించినది. 1984లో మా అబ్బా మరణించిరి. ఇంటి ఆడవారు అమ్మ గాజులు పగులగొట్టబోగా దాదీమా వారిని వారించినది. పగిలిన గాజు గ్రుచ్చుకొనునన్నది. ఆమె కప్పటికి చూపు పూర్తిగా పోయినది. తడుముకొనుచు సీసా తెప్పించి, అమ్మ చేతికి ఆముదము రాచి, ఒక్కొక్క గాజునే మెల్లగా జార్చి తీసి ఒక గుడ్డలో మూటగట్టినది. ఆ మూటను మా అమ్మ చాల యేండ్లు దాచుకొన్నది.

నేడు మా ఊరి చల్కలలో ఆముదపు చేలు వెదకిన గాని కానరావు. పత్తి వచ్చి వాని స్థానము నాక్రమించినది. ప్రపంచములో ఆముదము అధికముగా పండించునది మన దేశమే గాని, అందులో హెచ్చు పాలు గుజరాతుది. మా జిల్లాలోనే ఉన్న పాలెం పరిశోధనా స్థానములో ఆముదముపై కృషి జరుగుచునే యున్నది. ఇంట వంటాముదము కాచెడివారు లేరు. వెనుకటి ఆచారములలో కొన్నింటిని విడువవలసినదే. పసిపిల్లల ముక్కులలో, గొంతులో నూనె చుక్కలు వేయుట, కంట ఇంటి కాటుక పెట్టుట హానియని వైద్యులు చెప్పుచున్నారు, మేమును మా మనుమల విషయములో ఆ మాటనే పాటించుచున్నాము. మిగిలినవానిని విడువవలసిన కారణము మాకు కనబడలేదు. మా ఇరువురి ఇండ్లలోను కందుల డబ్బా ప్రక్కన ఒక ఆముదపు సీసా నేటికిని కలదు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు పల్లెల నుండి వచ్చినవారై యుందురు. మీ పెట్టెల అడుగున మీ అమ్మయో, అవ్వయో, దాదీమాయో ఉంచిన సీసా ఒకటి దాగియుండవచ్చును. దాని వాసనకు నలుగురు నవ్విన నవ్వనిండు. కాలువలో మాత్రము పోయకుడు. ప్రక్క గదివాని తాళము ఏ రాత్రి బిగిసిపోవునో ఎవరికి తెలియును?